మంత్రదండం చేతికిచ్చి ఇంటిపని చేయించే ఆటలు

2016లో జియో వచ్చి డేటా చవకయిన తరువాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ఇళ్లలో తల్లి ఫోనో అన్న ఫోనో కాసేపు చేతికందిన ఆడపిల్లకు లెక్కలేనన్ని ఉచిత ఆటలు అందుబాటులోకి వచ్చాయి. అమ్మాయిల ఆటలని వెతికితే ముందుగా కనిపించేవి బొమ్మకు బట్టలు తొడిగేవి, ముఖానికి మేకప్ వేసేవి, కేకు చేసేవి, పెళ్లికూతురిని ముస్తాబు చేసేవి. వాటి సరసనే మరో రకం కూడా స్థిరపడింది. కోసుగా ఉన్న నల్ల టోపీ, చీపురు, నల్లపిల్లి, పొగలు కక్కే గంగాళం, తలపైన నెలవంక ఉన్న చిన్నారి మంత్రగత్తె వీటిలో కథానాయిక.

ఈ ఆటలను చూసి ఇంట్లో పెద్దలు కలవరపడితే ఆ కలవరం చాలావరకు మంత్రాల గురించే ఉంటుంది. పిల్లకు క్షుద్రపూజల మీద ఆసక్తి కలుగుతుందేమోనని హిందూ కుటుంబాలలో, ఇది అన్యదేవతల ఆరాధన అని క్రైస్తవ కుటుంబాలలో, జాదూ నిషిద్ధమని ముస్లిం కుటుంబాలలో అభ్యంతరం వస్తుంది. అయితే ఆటల నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు జాగ్రత్త పడవలసిన చోటు అది కాదని తెలుస్తుంది. వీటిలో మతం పాలు బహు తక్కువ. ఆడపిల్ల ఏ పని చేయాలి, ఎలా కనిపించాలి, ఏ వయసు దాటితే ఆమెకు విలువ ఉండదు అన్న పాఠం పాలు చాలా ఎక్కువ. అమ్మాయికి మంత్రశక్తిని ఇచ్చినట్టే ఇచ్చి, దానితో చేయదగిన పనులను వంట, అలంకరణ, సేవ అనే హద్దులలో ముందుగానే బిగించడం ఈ ఆటల ప్రధాన లక్షణం.

ఆడపిల్లల కోసం ఆటలు తయారు చేయడం పెద్ద వ్యాపారంగా నిలదొక్కుకున్నది 1996లో. ఆ ఏడాది మాటెల్ కంపెనీ విడుదల చేసిన బార్బీ ఫ్యాషన్ డిజైనర్‌లో కంప్యూటర్ తెర మీద దుస్తులు రూపొందించి, ప్రింటరులో గుడ్డ మీద ముద్రించి, ఇంట్లో ఉన్న బొమ్మకు తొడగడమే ఆట. అది 5 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయి, ఆడపిల్లలు కంప్యూటర్ ఆటలు కొనరన్న అప్పటి నమ్మకాన్ని తుడిచివేసింది. దానితో పాటే, కొనేది ఇలాంటివే అన్న కొత్త నమ్మకాన్ని నాటింది. అదే కాలంలో బ్రెండా లారెల్ మరో దారి ప్రయత్నించారు. ఇంటర్వల్ రీసెర్చ్ సంస్థలో కొన్నేళ్లపాటు పిల్లలతో మాట్లాడి, వారి ఆటల తీరును గమనించి, ఆ ఫలితాలతో ఆమె పర్పుల్ మూన్ కంపెనీని ప్రారంభించారు. 1997లో ఆ కంపెనీ తెచ్చిన ఆటలలో ఒకటి బడిలో కొత్తగా చేరిన అమ్మాయి స్నేహాల చుట్టూ తిరుగుతుంది; మరొకదానిలో అడవి దారుల వెంట నడిచి, దాగి ఉన్న రాళ్లను సేకరించి, తోటి అమ్మాయి మనసులోని దిగులుకు ఊరట వెతకాలి. అడవి, రహస్యం, ప్రకృతి శక్తి, ఆడపిల్లల గుంపు అన్న కలయిక ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. 1999లో పర్పుల్ మూన్ మూతపడగా దానిని కొన్నది మాటెలే.

ఈ రెండు ధోరణులను పరిశోధకులు గులాబీ రంగు ఆటలు, ఊదా రంగు ఆటలు అని విడదీశారు. మొదటిది అమ్మాయిల అలంకరణాసక్తిని సొమ్ము చేసుకుంటుంది; రెండవది వారి భావోద్వేగాలను గౌరవిస్తుంది. జస్టీన్ కాసెల్, హెన్రీ జెన్‌కిన్స్ సంపాదకత్వంలో 1998లో వచ్చిన వ్యాస సంకలనం లేవనెత్తిన ప్రశ్నకు నేటికీ పదును తగ్గలేదు: ఆడపిల్లలు ఇప్పుడు ఇష్టపడుతున్నదే వారికి ఇవ్వడం వారిని గౌరవించడమా, లేక ఆ ఇష్టాన్ని తయారుచేసిన మూసనే మరింత గట్టిపరచడమా? మంత్రగత్తె ఆటలు ఈ రెండు రంగులనూ కలుపుకున్నాయి. ఊదా రంగు అడవిని తెచ్చి అందులో గులాబీ రంగు అద్దాన్ని నిలబెట్టాయి.

ఆ అద్దం ఎక్కడి నుండి వచ్చిందో చెప్పడానికి అమెరికా, జపాన్ టీవీల దాకా వెళ్లాలి. 1964లో అమెరికాలో మొదలైన బివిచ్డ్ ధారావాహికలో సమంతా అనే మంత్రగత్తె మామూలు మనిషిని పెళ్లాడుతుంది. ఆమె మంత్రాలు మాని అందరు గృహిణుల వలె చేతులతో ఇంటిపని చేయాలని భర్త కోరతాడు. చెల్లాచెదురైన వంటగదిని ఆమె ఒక్క ముక్కు కదలికతో సర్దేయడం అందులో హాస్యం. అపారమైన శక్తి ఉన్న స్త్రీ, ఆ శక్తిని దాచుకోవడమే సంసార ధర్మం అన్న కథ ఇది. దాని ప్రేరణతో మిత్సుతెరు యొకొయామా సృష్టించిన చిన్నారి మంత్రగత్తె శాలీ 1966లో జపాన్ టీవీకి వచ్చి, మాయాశక్తి గల బాలికల కథలకు బాట వేసింది. 1969లో వచ్చిన అక్కో కథలో మంత్రదండం బదులు అద్దం ఉన్న చిన్న పౌడర్ డబ్బీ వంటి వస్తువు ఉంటుంది. అద్దంలో చూసుకుని మాట చెబితే అమ్మాయి కోరుకున్న రూపం పొందుతుంది. అలాంటి వస్తువును బొమ్మగా చేసి దుకాణంలో అమ్మవచ్చు. శక్తి అంటే రూపం మార్చుకోవడం, రూపం మార్చుకోవడం అంటే ఒక వస్తువు కొనడం అన్న సూత్రం ఇంత తేలికగా కుదిరిన తరువాత వ్యాపారం దానిని వదలలేదు. నేటి ఫోన్ ఆటలో మాణిక్యాలు ఖర్చుపెట్టి కొత్త టోపీ కొనిపించేదీ ఈ సూత్రమే.

ఇటలీ నుండి వచ్చిన రెండు కథలు దీనికి తుదిరూపం ఇచ్చాయి. 2001లో డబ్ల్యూ.ఐ.టి.సి.హెచ్. (కలిపి చదివితే విచ్, అంటే మంత్రగత్తె) అనే కామిక్ పత్రిక ఐదుగురు అమ్మాయిలకు నీరు, నిప్పు, నేల, గాలి, వాటన్నిటినీ కలిపే శక్తి అన్న విభజన చేసింది. పంచభూతాలు ఎరిగిన తెలుగు పిల్లకు ఇది కొత్తగా అనిపించదు. 2004లో మొదలైన వింక్స్ క్లబ్‌లో రెక్కలు, మెరుపులు, ఎప్పటికప్పుడు మారే దుస్తులు ఉన్న దేవకన్యలు మంచివారు. వారి శత్రువులు ముగ్గురు మంత్రగత్తెలు. రెండింటి పేరుతోనూ చేతిలో ఇమిడే గేమ్ పరికరాలకు ఆటలు తయారయ్యాయి.

ఇక ఈ ఆటలు వాడుకునే మంత్రవిద్య సరంజామా అసలు ఎవరిది? ఐరోపాలో సుమారు 15వ శతాబ్దం నుండి 18వ శతాబ్దం దాకా సాగిన మంత్రగత్తెల వేటలో 40,000 నుండి 60,000 మంది దాకా మరణశిక్షకు గురయ్యారని చరిత్రకారుల అంచనా. వారిలో నూటికి 75 నుండి 80 మంది స్త్రీలు. 90 లక్షల మందిని కాల్చి చంపారన్న ప్రచారానికి ఆధారం లేదు. హైన్రిక్ క్రామర్ 1486 ప్రాంతంలో రాసిన గ్రంథం స్త్రీ స్వభావమే సైతానుకు సులువుగా లొంగుతుందని వాదించింది. ఐస్‌లాండ్‌లో మాత్రం ఈ నేరం మీద చనిపోయిన వారిలో దాదాపు అందరూ పురుషులే. మంత్రవిద్య సహజంగా స్త్రీలదే అన్న భావన ప్రకృతి నియమం కాదని, అది కొన్ని సమాజాలు కట్టుకున్న ఊహ అని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

క్రైస్తవానికి ముందటి దేవతలను కొలుస్తామనే నేటి పేగన్‌ల మంత్రవిద్య ఆ వేటకు బలైన వారి నుండి నేరుగా వచ్చినది కాదు. క్రైస్తవానికి ముందటి దేవతారాధన ఐరోపా పల్లెలలో రహస్యంగా బతికిందని మార్గరెట్ మర్రే 1921లో ప్రతిపాదించారు. చరిత్రకారులు ఆ తరువాత దానిని తోసిపుచ్చారు. కాని ఆ ఊహ మీదనే ఒక కొత్త మతం లేచింది. బ్రిటన్‌లో మంత్రవిద్య వ్యతిరేక చట్టం 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ తన పుస్తకంతో నేడు విక్కా అని పిలిచే సంప్రదాయాన్ని లోకానికి పరిచయం చేశారు. ఏడాదికి ఎనిమిది ఋతు పండుగలు, పున్నమి ఆరాధన, గిరి గీసి పూజించడం, కన్య, తల్లి, వృద్ధ అన్న మూడు ముఖాల దేవత ఆ సంప్రదాయంలో కుదురుకున్నాయి. 1968లో దయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండుగ రోజున న్యూయార్క్ స్త్రీవాదులు కొందరు మంత్రగత్తెల వేషాలలో వాల్ స్ట్రీట్‌కు వెళ్లి శాపాలు పెట్టారు. ఆ బృందం పేరులోని పొడి అక్షరాలే ముప్ఫై మూడేళ్ల తరువాత ఇటలీ కామిక్ పేరులో కనిపిస్తాయి. మధ్యలో జారిపోయింది నిరసన, మిగిలింది వేషం.

ఆటలు ఈ సరంజామాలో దేనిని తీసుకుని దేనిని వదిలాయన్నది గమనిస్తే వాటి స్వభావం బయటపడుతుంది. నెలవంక, మూలికలు, గంగాళం, పిల్లి, పేకముక్కల జోస్యం తీసుకున్నాయి. ఏడాది పొడుగునా సాగే వ్రతనియమం, ఎవరికీ హాని చేయరాదన్న నీతి, చావు గురించిన ఆలోచన వదిలేశాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మూడు ముఖాల దేవతలో కన్యను మాత్రమే ఉంచుకున్నాయి. తల్లి ఉంటే ఆట మొదట్లో కనిపించి చనిపోతుంది, లేదా సలహా ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. వృద్ధ అయితే శత్రువు. పేగన్ మతాన్ని ఆచరించేవారికి జ్ఞానానికి గుర్తయిన ముడతల ముఖం ఆటలో దుష్టత్వానికి గుర్తుగా మారుతుంది. ముక్కు మీద పులిపిరి, వంగిన నడుము, ఒంటరి గుడిసె చాలు, ఆమె చెడ్డదని పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పని విషయంలో మూస ఇంకా లోతుగా దిగింది. చిన్నారి మంత్రగత్తె ఆటలో ఎక్కువ సమయం మందులు కాచడానికే పోతుంది. తోటలో ఆకులు కోయాలి, వాటిని కడిగి నూరాలి, గంగాళంలో సరైన వరుసలో వేయాలి, మాడకముందే దించాలి, వచ్చిన వారికి అడిగినది అందించాలి. మంత్రం అన్న పేరు తీసేస్తే ఇది వంట ఆటే. మెట్టు మెట్టునా తేడా లేదు. అడిగేవారు ఆగలేక చిరాకు పడితే నక్షత్రాలు తగ్గుతాయి కాబట్టి, ఎదుటివారి ముఖం చూసి వారి అవసరాన్ని కనిపెట్టడం కూడా నేర్చుకోవాలి. ఈ శ్రమను తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. వంట, సేవ, కనిపెట్టుకుని ఉండటం నిజమైన నైపుణ్యాలు, లోకం వాటి మీదనే నడుస్తోంది. అభ్యంతరమంతా వాటిని ఒక్క ఆడపిల్లకే కేటాయించి, మాయాశక్తి వచ్చిన తరువాత కూడా ఆమెకు వేరే పని చూపించకపోవడం మీద. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట నుండి సాగివస్తున్న మాంత్రికుడి పాత్రను దీని పక్కన పెడితే తేడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. అతడు గ్రంథం చదువుతాడు, ఊరు దాటి వెళతాడు, నిప్పు కురిపిస్తాడు, స్థాయి పెరిగేకొద్దీ లోకం అతడికి తెరుచుకుంటుంది. చిన్నారి మంత్రగత్తెకు స్థాయి పెరిగితే కొత్త పరదాలు, కొత్త గౌను, ఇంకాస్త పెద్ద గంగాళం వస్తాయి.

ఈ విషయంలో తెలుగు కల్పన మెరుగన్న భ్రమ అక్కరలేదు. అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతం నుండి వెళ్లిన కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన పాతాళభైరవిలో విద్య నేర్చి శక్తి సాధించాలనుకునేవాడు నేపాళ మాంత్రికుడు, సాహసించి గెలిచేవాడు తోటరాముడు. స్త్రీ అయితే వరమిచ్చే దేవత, కాకుంటే గెలుచుకోవలసిన రాకుమారి. ఆడవాళ్లు కోరి నేర్చుకున్న శక్తి మన జానపద కథలలో చాలాసార్లు మాయలాడిదో రాక్షసిదో అవుతుంది. సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడే ఆడపిల్లల ఆట వలయంగా నిలిచి చేసే పేగన్ పూజను తలపిస్తుంది. కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య రాసిన గొబ్బి పాటలు ఆ ఆట ఎంత పాతదో చెబుతాయి. అయినా గొబ్బెమ్మల దగ్గర పెద్దలు పిల్లలకు నేర్పిన కోరికలలో మంచి మొగుడు రావాలన్నది ముందుంటుంది.

రాయలసీమ నేల మీద ఈ ఆటలు మరొక బరువు మోస్తాయి. గంగాళంలో మందు కాచి ఒకరి మనసు మార్చడం ఆటలో ముచ్చటైన ఘట్టం. ఇక్కడి పల్లెలలో మాత్రం ‘మరుగుమందు పెట్టింది’ అన్న మాట కోడలి మీదనో, మగతోడు లేని స్త్రీ మీదనో పడే నిజమైన నింద. కొడుకు భార్య మాట వింటున్నాడన్నా, మనిషి ఉన్నట్టుండి నీరసించినా, పాడి ఆవు పాలు తగ్గినా ఆమె చేతి వంట మీద అనుమానం పుడుతుంది. చేతబడి చేసిందన్న మాట అంతకంటే ప్రమాదకరం. ఒంటరి వృద్ధురాలి గుడిసె, ఆమె తనలో తాను మాట్లాడుకోవడం, కంటిచూపు మందగించి ఎవరి వైపో తదేకంగా చూడటం, ఇవే సాక్ష్యాలవుతాయి. మంత్రవిద్య నెపంతో జరిగే హత్యలను జాతీయ నేర గణాంక సంస్థ ప్రత్యేక కారణంగా నమోదు చేస్తోంది. మంత్రగత్తె అన్న ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ 1999లో బిహార్, 2001లో జార్ఖండ్ చట్టాలు చేశాయి. పొరుగున ఉన్న కర్ణాటక 2017లో అమానుష ఆచారాల నిరోధక చట్టాన్ని ఆమోదించింది. ఆటలోని పులిపిరి ముక్కు ముసలిది అమెరికా పిల్లకు హాలోవీన్ ముసుగు. ఆదోని దగ్గరి పల్లెలో అదే బొమ్మను చూసిన పిల్లకు వీధి చివర ఒక మనిషి గుర్తుకు రావచ్చు. ఆ పోలిక ఆమె మనసులో కలగకుండా ఆట ఏమీ చేయదు, చేయాలని తయారీదారుకు తోచదు కూడా.

ఇదే నేల మీద స్త్రీ శక్తికి మరొక రూపం కూడా ఉంది. సుంకులమ్మ, పెద్దమ్మ, ఎల్లమ్మ, మారెమ్మ, చౌడమ్మలు ముస్తాబు చేసుకుని మెప్పు కోరే దేవతలు కారు. జాతరలో పూనకం వచ్చిన స్త్రీ ఊరి పెద్దను ‘ఒరేయ్’ అని పిలిచి, ఏటా చేయవలసినది ఎందుకు మరిచావని నిలదీస్తుంది. మామూలు రోజున ఆ పెద్ద ఎదుట ఆమె నిలబడి మాట్లాడదు. ఆ గడియలో ఆమె వయసును, రూపాన్ని ఎవరూ లెక్కించరు. అయితే ఈ శక్తిని కూడా కీర్తించి ఊరుకోవడానికి లేదు. అనంతపురం, కర్నూలు పల్లెలలో దేవత పేరుతో ఆడపిల్లలను బసివినులుగా వదిలే ఆచారం ఉండేది, దానిని ఆపడానికి 1988లో రాష్ట్ర ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తేవలసి వచ్చింది. దేవతకు జాతర చేసి, ఆమె పేరు మీద పేదింటి పిల్ల బతుకును తాకట్టు పెట్టిన ఊళ్లు ఇవి. దేవతను ఆరాధించే చోట స్త్రీకి దానంతట అదే గౌరవం దక్కుతుందన్న వాదన ఐరోపా పేగన్‌లకు ఎంత బలహీనమో సీమకూ అంతే బలహీనం.

మూసను దాటిన ఆటలు లేకపోలేదు. 2021లో వచ్చిన విచ్‌వుడ్‌లో ఆటగాళ్లు నడిపేది అడవిలో ఉండే వృద్ధ మంత్రగత్తెనే. అక్కడా మూలికల సేకరణే ప్రధానం, కాని ఆ మందులు వచ్చిన వారికి వడ్డించడానికి కాదు, ఊరిని పీడించే దుర్మార్గులకు తగిన శిక్ష వేయడానికి. 2023 నాటి ద కాస్మిక్ వీల్ సిస్టర్‌హుడ్‌లో బహిష్కృతురాలైన మంత్రగత్తె తన జోస్యపు పేకముక్కలను తానే రూపొందించుకుంటుంది. ఆమె చెప్పిన మాటలు తరువాత నిజమవుతాయి కనుక ప్రతి మాటకూ బాధ్యత వహించాలి. ఇది పెద్దలకు ఉద్దేశించిన ఆట, పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. పిల్లల విషయంలో 1998 నుండి హర్ ఇంటరాక్టివ్ కంపెనీ తెస్తున్న, నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ ఆటలు మెరుగైన దారి చూపాయి. వాటిలో దయ్యం, శాపం అని భయపెట్టినదాని వెనుక చాలాసార్లు ఒక మనిషి స్వార్థం ఉంటుంది. అమ్మాయి తాళాలు విప్పి, లెక్కలు కట్టి, సాక్షులను ప్రశ్నించి దానిని బయటపెడుతుంది. చేతబడి మాట వినగానే వణికే ఊళ్లలో పెరుగుతున్న పిల్లకు ఈ కథనం ఎంతో విలువైనది.

కాని ఇవేవీ ఉచితంగా, ముందు వరుసలో కనిపించవు. ఫోన్‌లో ముందుగా పైకి వచ్చేవి ప్రకటనలతో, లోపలి కొనుగోళ్లతో నడిచేవే. గూగుల్ ప్లే 2015 నుండి పాటిస్తున్న అంతర్జాతీయ వయసు వర్గీకరణ హింసను, అశ్లీలతను, జూదాన్ని గుర్తిస్తుంది. అమ్మాయి గెలుపును ఆమె దుస్తులతో కొలిచే ఆటకు ఆ పట్టికలో ఏ గుర్తూ పడదు, కాబట్టి అది చిన్నపిల్లలకు నిరపాయం అన్న ముద్రతోనే వస్తుంది. హానికరమైన లింగపరమైన మూసలను ప్రకటనలలో చూపరాదని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ 2019లో నియమం పెట్టింది. ఆటల లోపలి కథకు ఆ నియమం వర్తించదు. మంత్రం ఉందా లేదా అని వెతికే తల్లిదండ్రులు ఆ చూపును కాస్త పక్కకు తిప్పి చూడవలసి ఉంటుంది. స్థాయి పెరిగినప్పుడు అమ్మాయికి ఏమి దక్కుతోంది, ఆమె ఇల్లు దాటి ఎంత దూరం వెళ్లగలుగుతోంది, ఆటలోని ముసలామెకు ఒక పేరు, ఒక కథ ఉన్నాయా అన్నవి పిల్ల పక్కన కూర్చుని కాసేపు ఆడితే తెలిసిపోయే సంగతులు. ఆ ముసలామెకు పేరు లేని ఆటను పిల్ల ఆడుతున్నప్పుడు, ఆమె ఎవరై ఉంటుంది, అడవిలో ఒంటరిగా ఎందుకు ఉంటోంది అని అడిగితే, ఆట చెప్పని కథను పిల్లలు తామే చెప్పడం మొదలుపెడతారు.